స్వభావోక్తి: ప్రకృతిని వ్రాయు విద్య

బాల్యమున పుట్టిన కోరికలలో అనేకములు వయస్సుతోపాటు రాలిపోవును. రాజు కావలెనని కలలు కన్న బాలుడు గుమాస్తాయై తృప్తి నొందును; రైలింజను నడపవలెనని తలచినవాడు పెద్దవాడై అదే బండిలో టిక్కెట్టు కొని కూర్చుండి నిద్రపోవును; అందులకు ఎవ్వరును విచారింపరు. చెట్టును పిట్టను చెరువును మబ్బును చూచి, చూచినదానిని వ్రాయవలెనని చిన్ననాట కలిగిన కోరిక మాత్రము అంత సులభముగ వదలునది కాదు. ఉద్యోగమును సంసారమును ఋణములును దానిని నలువది యేండ్లు అణచి ఉంచగలవు గాని చంపజాలవు; తీరిక చిక్కిన మొదటి ఉదయముననే అది లేచి తన బాకీ తీర్చుమని అడుగును. అట్లు లేచిన కోరికతో కాగితము ముందు కూర్చున్నవానికి వెంటనే ఎదురగు ప్రశ్న, ఎట్లు వ్రాయవలెననునది. దీనికి సమాధానమును పాశ్చాత్య గ్రంథములలో వెదకుట నేడు పరిపాటి యైనది, అచ్చట దొరకునదియు స్వల్పము కాదు. అయినను మన ఆలంకారికులు వేయి సంవత్సరములకు పూర్వమే ఈ విద్యకు పేరు పెట్టి, దాని అంగములను విభజించి, దాని అర్హతను గూర్చి తీవ్రముగ వాదులాడిరను సంగతి తెలిసినవారు కొలదిమంది. వారు పెట్టిన పేరు స్వభావోక్తి.

నేను ఈ వ్యాసము వ్రాయుచున్న చోటు దేవనహళ్ళి. బెంగుళూరు నగరమునకు ఉత్తరమున సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న ఈ ఊరిని నేటి ప్రయాణికుడు విమానాశ్రయము మూలముననే ఎరుగును. ఆ విమానాశ్రయము 2008 మే 24వ తేదీన తెరవబడుటకు ఐదు శతాబ్దములకు పూర్వమే దీనికి చరిత్ర కలదు. కంచి ప్రాంతమునుండి వలస వచ్చిరని చెప్పబడు ఆవతి ప్రభువుల వంశమువాడగు మల్లభైరెగౌడ 1501లో ఇచట మట్టికోట కట్టించెను. అది పిదప రాతికోట యైనది, 1791లో ఆంగ్లేయ గవర్నరు జనరలు కార్న్‌వాలిస్ సేనకు వశమైనది. టిప్పు సుల్తాను జన్మస్థలము ఈ ఊరే. ఉత్తరమున 1,478 మీటర్ల ఎత్తుగల నందికొండ నిలిచియున్నది. ఆ కొండల వరుసలోనే పెన్నయు, దక్షిణ పినాకినియు, చిత్రావతియు, అర్కావతియు పుట్టి వేర్వేరు దిక్కులకు సాగిపోవుచున్నవి. కన్నడముతో పాటు తెలుగును ఇంటిభాషగా గల కుటుంబములు ఈ సీమలో తరతరములుగా కలవు. చిక్కబళ్ళాపురము దాటి బాగేపల్లి చేరునప్పటికి ఆ తెలుగు మరింత చిక్కనగును. చిత్రావతి దిగువ గట్టున అనంతపురము జిల్లాలో పెరిగి, పిట్టకొక పుట చొప్పున నోటుపుస్తకము నింపవలెనని కలలు కని, పిమ్మట జీవితమంతయు లెక్కల పుస్తకములు నింపిన నేను, ఉద్యోగవిరమణానంతరము ఆ నది పుట్టిన కొండల దాపునకు చేరి, ఆ పాత కోరికను తిరిగి చేపట్టితిని. చేపట్టిన పిదప నాకు అక్కరకు వచ్చినది దండి.

ఏడు, ఎనిమిది శతాబ్దముల సంధికాలమున కంచిలో వర్ధిల్లిన దండి మన సాహిత్యమునకు పరాయివాడు కాడు. ఆయన దశకుమారచరితమును పదుమూడవ శతాబ్దమున తెనిగించిన కేతన అభినవదండి యను బిరుదమును పొందెను. ఆ దండియే కావ్యాదర్శమున అలంకారములను చెప్పబూని మొట్టమొదట స్వభావోక్తిని పేర్కొని, పదార్థముల వివిధావస్థలను ప్రత్యక్షము చేయునట్లు చెప్పుటయే దాని లక్షణమనెను. శాస్త్రములందు దానిదే సామ్రాజ్యమనియు, కావ్యములందును అది కోరదగినదే యనియు ముగించెను. శాస్త్రమునకును కావ్యమునకును ఉమ్మడిసొత్తుగా ఒక విద్య కలదని ఇంత స్పష్టముగ అంగీకరించిన లాక్షణికుడు మరియొకడు నాకు కనబడలేదు. ఆయన దానిని జాతి, క్రియ, గుణము, ద్రవ్యము అని నాలుగు విధములుగ విభజించెను. జాతికి ఉదాహరణముగ చిలుకలను చూపెను: వాటి ముక్కు రంగును వంపును, రెక్కల పచ్చదనమును, మెడమీది వన్నెల చారలను, పలుకుల తీయదనమును వరుసగా చెప్పి ఊరకుండెను. క్రియకు ఉదాహరణముగ కూజితము చేయుచు పెంటి చుట్టును తిరుగు పోతు పావురమును చూపెను. నేటి పక్షిశాస్త్రజ్ఞుని చేతిపుస్తకమున చిలుకను గుర్తించుటకు వ్రాయబడు వాక్యములు ఈ వరుసనే నడచును; పావురపు ప్రణయచేష్టను వ్రాయవలసినవాడు దండి చెప్పిన మాటకు చేర్చవలసినది స్వల్పము.

ఇట్లు సింహాసన మెక్కిన స్వభావోక్తికి పిమ్మటి కాలమున ప్రబల విరోధి దొరకెను. వక్రోక్తి జీవితమును రచించిన కుంతకుడు, వస్తువు యొక్క స్వభావమే అలంకారమైనచో ఇక అలంకరింపబడునది ఏదియని ప్రశ్నించి, ఎవ్వడును తన భుజమును తానే ఎక్కజాలడు గదా యని పరిహసించెను. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆవుకు నాలుగు కాళ్ళును తోకయు కలవని వ్రాసినవాడును స్వభావమునే చెప్పినవాడగును, అది కావ్యము కాదని అందరును ఒప్పుకొందురు. దీనికి సరియైన సమాధానమును మహిమభట్టు వ్యక్తివివేకమున ఇచ్చెను. వస్తుస్వభావము రెండు విధములు: ఒకటి సామాన్యము, మాటలాడు ప్రతివాని నోటను నలుగునది, రెండవది విశిష్టము, కన్నులయెదుట నిలిచిన ఆ ఒక్క వస్తువునకే చెందినది, ప్రతిభావంతుని వాక్కునకు మాత్రమే అందునది. ఆవుకు తోక కలదనుట సామాన్యము. ఈగ వ్రాలిన చోట మాత్రమే దాని చర్మము వణకుననుట విశిష్టము. బాణభట్టు హర్షచరిత్రారంభమున జాతి, అనగా స్వభావోక్తియే, గ్రామ్యము కాకుండవలెనని కోరినపుడు ఆయన మనస్సున మెదలినదియు ఇదియే కాబోలు. ప్రకృతిని వ్రాయదలచినవాడు నేర్వవలసిన మొదటి పాఠము, నా తలపున కడపటిదియు, సామాన్యమునుండి విశిష్టమునకు దిగుట.

మన ప్రబంధ వాఙ్మయము ఈ పాఠమును కొన్నిచోట్ల అద్భుతముగ నేర్చినది, అనేక చోట్ల మరచినది. మహాకావ్యమున నగరము, సముద్రము, పర్వతము, ఋతువు, చంద్రోదయము, సూర్యోదయము మున్నగువానిని వర్ణింపవలెనని పట్టిక ఇచ్చినవాడును దండియే. తరువాతివారు ఆ వర్ణనలను పదునెనిమిదిగా లెక్కకట్టిరి. ఒకే ఆచార్యుడు పట్టికను ఇచ్చెను, కంటిని ఇచ్చెను. మనవారు పట్టికను భద్రముగ దాచుకొని కంటిని తరచుగా జారవిడిచిరి. అందువలననే పెక్కు ప్రబంధములలో వనవర్ణనము చెట్ల పేర్ల జాబితాగా మారినది. కొండమీద పెరగని చెట్టు కొండమీదను, ఆ ఋతువున పూయని పూవు ఆ ఋతువునను కనబడజొచ్చెను. దీనికి తోడు కవిసమయము లుండెను: చకోరము వెన్నెల త్రావును, హంస పాలను నీటిని వేరు చేయును, అశోకము యువతి కాలితాపునకు పూయును, జక్కవల జంట రాత్రి యెడబాసి ఏడ్చును. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ సమయములను చక్కగా వర్గీకరించెను. అయితే అదే గ్రంథమున దేశవిభాగమునకును కాలవిభాగమునకును ప్రత్యేకాధ్యాయములు కేటాయించి, ఏ ఋతువున ఏ గాలి వీచునో, ఏ పూవు పూచునో కవి ఎరిగియుండవలెనని బోధించెను. కవిసమయము తెలిసి వాడుకొనదగిన ఆచారము, దేశకాలజ్ఞానము తప్పనిసరి విధి, ఇది ఆయన అభిప్రాయము. మన పాఠశాలలలో వసంతముపై వ్యాసము వ్రాయుమనగా పిల్లలందరును మావిచిగురును మేసిన కోకిలను వ్రాయుటకు కారణము, ఆచారము అందినంతగా విధి అందకపోవుటయే.

విధిని మరువని కవి ఎట్లు వ్రాయునో చూపుటకు ఒక్క పద్యము చాలును. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున శ్రీవిల్లిపుత్తూరును వర్ణించుచు, వరిచేల కాలువలలో తలలు రెక్కలలో గ్రుక్కుకొని నిద్రించు బాతులను చూపెను. తెల్లవారుజామున స్నానము చేసిపోయిన బ్రాహ్మణులు పిండి ఉంచి మరచిన బట్టల ఉండలని భ్రమించి, వాటిని వారి ఇండ్లకు చేర్చుదమని కావలివారు రేవున దిగుదురు. బట్టలు లేచి పరుగెత్తును. వరిచేను కాయు పడుచులు నవ్వుదురు. ఇందు కవి చేసిన పని ఏమి? కాలము చెప్పెను: ఇంకను వెలుగు చాలని వేకువ. స్థలము చెప్పెను: చేని కాలువ. క్రియ చెప్పెను: తల వెనుకకు త్రిప్పి రెక్కలలో దాచుకొని నిద్రించుట, అది నీటిపక్షుల నిజమైన నిద్రాభంగిమ. భ్రాంతి అను అలంకారము పైనుండి తెచ్చి అతికించినది కాదు; తల కనబడని తెల్లని ముద్ద మసకవెలుగున ఎవరినైనను భ్రమింపజేయును గనుక వస్తుస్వభావమునుండియే పుట్టినది. పైగా చూచువారు రెండు తెగలు, భ్రమించినవారు కొందరు, భ్రమను చూచి నవ్వినవారు కొందరు. పడుచులు ప్రతిదినము బాతులను చూచువారు, కావున వారికి భ్రమ లేదు. చక్రవర్తి కన్న చేను కాయు పిల్లకు ఆ చేను ఎక్కువ తెలియునని చక్రవర్తియే ఒప్పుకొన్న పద్య మిది. కుంతకుడు చదివియుండినచో తన ఆక్షేపణను కొంత సడలించుకొని యుండును.

ఈ విద్య మన ఒక్కరిదే యనుకొనుట అవివేకము. ఇంగ్లండునందలి సెల్బోర్న్ గ్రామమున గిల్బర్టు వైట్ అను మతాచార్యుడు దినదినము ఉష్ణోగ్రతను, గాలిని, వచ్చిన పక్షులను, పూచిన పూలను వరుసగళ్ళలో నింపుచు రెండు దశాబ్దములకు పైగా గడిపి, 1789లో ఆ గ్రామ ప్రకృతిచరిత్రమును ప్రకటించెను. రూపమున దాదాపు ఒకటిగనే ఉండు మూడు చిన్న పక్షులను వాటి పాటనుబట్టి వేరువేరు జాతులని తేల్చినవాడు ఆయనయే. మన దేశమున బాల్యమున తాను కొట్టిన పసుపు గొంతు పిచ్చుక పేరు తెలిసికొనుటకై బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పోయిన సాలిం ఆలీ, 1930లో ఉద్యోగము లేక కిహిం అను సముద్రతీర గ్రామమున ఉండి గిజిగాని గూళ్ళను కనిపెట్టుచు కూర్చుండెను. పోతు పక్షి గూటిని సగము అల్లి ఆపుననియు, పెంటి వచ్చి పరీక్షించి ఒప్పుకొన్న పిదపనే తక్కిన సగము పూర్తి చేసి, ఆపై మరియొక గూటికి మొదలిడుననియు ఆయన తేల్చి చెప్పెను. ఇది క్రియాస్వభావోక్తికి పరాకాష్ఠ. సండూరు సంస్థానమున కొంతకాలము కొలువు చేసిన మా. కృష్ణన్ 1950 మొదలు 1996లో మరణించు దినము వరకు స్టేట్స్‌మన్ పత్రికలో పల్లెల ప్రకృతిని గూర్చి వ్రాసెను. పులులకును ఏనుగులకును ఎంత శ్రద్ధ చూపెనో పెరటి తొండకును కాకికిని అంతే శ్రద్ధ చూపెను. కన్నడమున పూర్ణచంద్ర తేజస్వి తోటను, కుక్కను, తేనెటీగను, ఎగిరే బల్లిని కథలలోనికి తెచ్చి, విజ్ఞానమును హాస్యమును ఒకే వాక్యమున కూర్చెను. మదనపల్లెలో 1895లో తెలుగు ఇంట పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1961లో ప్రారంభించిన నోటుపుస్తకమున ఋషివ్యాలీ కొండలను, చెట్లను, సంధ్యాకాంతిని వర్ణించిన పుటలు కలవు. తత్త్వము చెప్పబోవుటకు ముందు కనబడుచున్న దానిని చెప్పుట ఆయన పద్ధతి. ఆ ఋషివ్యాలీయే పిమ్మట పక్షిపరిశీలనకు ఒక శిక్షణాకేంద్రమైనది. తెలుగున 1906లో స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రవిషయములకు తెలుగు వచనమును అలవాటు చేసెను, తుమ్మపూడి సంజీవదేవ్ తన వ్యాసములలో రంగును కాంతిని చూచుట నేర్పెను. ఒకరిది శాస్త్రము, ఒకరిది రసము. ఆ రెండును ఒకే కలమున నిత్యకృత్యముగ కలిసిన ప్రకృతిరచన మనకు ఇంకను విరివిగ రావలసియున్నది.

దండి చెప్పిన నాలుగు అంగములను దేవనహళ్ళికి అన్వయించి చూచినచో ఈ విద్య యొక్క మెలకువలు తేటపడును. జాతికి నందికొండ రాళ్ళనడుమ తిరుగు పసుపు గొంతు పిగిలిపిట్టను తీసికొందము. దక్షిణాపథపు రాతిగుట్టలను, ముళ్ళపొదలను విడిచి ఇది ఎక్కువ దూరము పోదు. గొంతున పసుపు, క్రింద బూడిదవన్నె, తోక మొదట మరల పసుపు. ఆ రంగులను చెప్పుటతో సగము పని యైనది. ఆ రాళ్ళను చెప్పిననే జాతి పూర్తి యగును, ఏలయన ఈ పిట్టకు రాతిగుట్ట ఇల్లు మాత్రమే కాదు, లక్షణము కూడ. క్రియకు తీతువు కలదు. దాని కూత అపశకునమని మన ఇండ్లలో వాడుక. ఓపికతో చూచినవానికి అది గూటికాపరి హెచ్చరిక యని తెలియును. గులకరాళ్ళ నడుమ నేలమీదనే, రాళ్ళ రంగులోనే, సాధారణముగ నాలుగు గ్రుడ్లు పెట్టును. మనుష్యుడో కుక్కయో సమీపించిన దూరముగ లేచి అరచుచు దృష్టిని మరలించును. ఎండలు ముదిరినపుడు నీట పొట్ట తడుపుకొని వచ్చి గ్రుడ్లను చల్లార్చును. ఈ పనులను జరిగిన వరుసలో, మధ్య మన ఆశ్చర్యమును చొప్పించక వ్రాయుట క్రియాస్వభావోక్తి. ఆశ్చర్యపడు పని చదువరిది.

గుణమునకు దండి స్పర్శను ఉదాహరించెను. రచయిత కంటితో మాత్రమే వ్రాయరాదని దీనినుండి గ్రహింపవచ్చును. దేవనహళ్ళి చక్కోత, మన పంపరపనస, భౌగోళిక గుర్తింపు పొందిన ఫలము. దాని ఆకు నడుమ నొక్కబడి రెండు ఆకులు ఒకదాని కొసన ఒకటి అతికినట్లుండును. తెల్లని పూవుల తావి తోట దాటి వచ్చును. దళసరి తొక్క వ్రేలితో నొక్కిన దూదివలె లోబడును. వీనిని వ్రాయుటకు చెట్టుక్రింద నిలువవలెను, ఆకు నలిపి వాసన చూడవలెను, పండు ఒలువవలెను. గ్రంథాలయము ఇందులకు చాలదు. ఇక ద్రవ్యము. దీనికి దండి ఇచ్చిన ఉదాహరణము శివుడు, అనగా జాతి యనునది లేక తానొక్కడే యైన వ్యక్తి. ఇది నాలుగింటిలో కఠినతమమని నా అభిప్రాయము. దేవనహళ్ళి తాలూకా నల్లూరున 54 ఎకరములలో సుమారు 300 చింతచెట్లు గల పురాతన వనము కలదు. 2007లో దేశమున మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలముగ అది ప్రకటింపబడెను. అచ్చటికి పోయి చింతచెట్టును గూర్చి వ్రాయుట సులభము: చీకటి పడగానే ఆకు ముడుచును, లేతపసుపు పూరేకులపై ఎర్రని ఈనెలుండును, కాయ పండుటకు నెలలు పట్టును. వాటిలో ఒక్క చెట్టును ఎన్నుకొని, దాని మ్రాను ఏ ప్రక్క బోలుపడెనో, ఏ కొమ్మ తొలుత చిగిర్చునో, దాని క్రింద ఏ పశువు నిలుచునో వ్రాసి, తక్కిన 299 చెట్లలో దేనికిని ఆ వాక్యములు వర్తింపకుండ చేయుట కష్టము. అది చేయగలిగినవాడు మహిమభట్టు కోరిన విశిష్టమును పట్టినవాడు.

ఇంత శ్రమపడి వ్రాసిన రాతవలన ప్రయోజనమేమని అడుగువారికి పెన్నానది దృష్టాంతముగ నిలుచును. ఈ నందికొండల వరుసలో పుట్టి, కడపసీమ గుండ ప్రవహించి, నెల్లూరు దాటి సముద్రమున కలియు ఆ నది వెంటనే ఒక పక్షి కథ నడచినది. పందొమ్మిదవ శతాబ్దమున నెల్లూరున వైద్యాధికారిగా పనిచేసిన థామస్ జెర్డన్ భారతదేశ పక్షులను వర్ణించి గ్రంథములు వ్రాయుచు, పలు పక్షులకు తెలుగువారు పలుకు పేర్లను కూడ నమోదు చేసెను. పైన చెప్పిన పసుపు గొంతు పిగిలిపిట్టను 1845లో శాస్త్రలోకమునకు తెలిపినవాడును ఆయనయే. ఆయన సేకరించిన మరియొక పక్షికి 1848లో శాస్త్రీయనామము లభించెను, ఆంగ్లనామమున ఆయన పేరు నిలిచెను. మనము దానిని కలివికోడి యందుము. 1900 తరువాత అది ఎవరికిని కనబడలేదు. నశించినదనియే పెక్కురు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ సాగించిన అన్వేషణలో, కడపసీమ లంకమల అడవుల చెంత ఐతన్న అను స్థానిక వేటగాడు దానిని సజీవముగ పట్టెను. అది రాత్రిపూట తిరుగు పక్షి. పగలు వెదకినవారికి అందకపోవుటకు కారణ మదియే. ఇందు రెండు జ్ఞానములు కలిసినవి: పుస్తకములోని వర్ణనము ఎనుబదియారేండ్లు ఆ పక్షిని మరపునకు లోనుగాకుండ కాచెను; అడవిలో తిరుగువాని అనుభవము అది ఎప్పుడు, ఎక్కడ దొరకునో చెప్పెను. ఒకటి లేనిచో రెండవది నిష్ఫలము. వర్ణనము లేనిచో వెదకువాడు లేడు, ఐతన్న లేనిచో దొరకునది లేదు.

దేవనహళ్ళి వంటి చోట ఈ ప్రయోజనము మరింత ప్రత్యక్షము. విమానాశ్రయమునకు సుమారు 4,000 ఎకరములు పోయినవి. దాని చుట్టును దారులు, గిడ్డంగులు, ఇండ్ల వరుసలు పెరుగుచున్నవి. మార్పు ఇచ్చట క్రొత్త కాదు. మన దేశమున యూకలిప్టస్ చెట్టు మొదట 1790 ప్రాంతమున టిప్పు సుల్తాను నందికొండ తోటలోనే నాటబడెనని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు, ఆ చెట్టు తరువాతి కాలమున ఈ మెట్టపొలములను ఎట్లు ఆక్రమించెనో ఇక్కడి రైతులు చెప్పుదురు. అయితే ఆ చెట్టు రాక పూర్వము అవే పొలముల గట్లపై ఏమి మొలచెడిది, ఏ పిట్ట ఏ మాసమున వచ్చెడిది అను ప్రశ్నకు వ్రాతమూలకముగ సమాధాన మిచ్చువారు అరుదు. ప్రభుత్వ దస్త్రములు విస్తీర్ణమును, శిస్తును, పంటను చెప్పును. చెరువు గట్టున తీతువు ఏ నెలలో గ్రుడ్లు పెట్టెనో చెప్పవు. నేడు పొలము గట్టున నిలిచి తేదీ వేసి వ్రాసిన ఒక పుట, ఏబది సంవత్సరముల పిమ్మట ఆ పొలము లేనపుడు, దానికి మిగిలిన ఏకైక సాక్ష్యము కావచ్చును. కావ్యమైన కాకున్నను అది శాస్త్రమగును. దండి చెప్పిన సామ్రాజ్యమున దానికి చోటు కలదు.

చిన్ననాటి కోరికకు వృద్ధాప్యమున తిరిగివచ్చువారు ఆలస్యమైనదని వగచుట నేను విందును. ఆ వగపునకు హేతువు లేదు. బాలునకు ఉత్సాహ ముండును, ఒకే చోట గడియసేపు కదలక కూర్చుండు ఓపిక ఉండదు. ఈ విద్యకు రెండవదే మూలధనము. పైగా నలువది యేండ్ల క్రిందట ఒక చెరువు ఎట్లుండెనో తెలిసినవాడు, నేటి చెరువును ఇరువదేండ్లవాని కన్న ఎక్కువగా చూడగలడు. అట్టివారికి నేను చెప్పదగిన నియమము ఒక్కటే. దూరప్రాంతపు అభయారణ్యములకు పోనక్కరలేదు. నడచిపోగల దూరమున ఒక చెరువునో, తోపునో, ఒక్క చెట్టునో ఎన్నుకొని, ఆరు ఋతువులును అక్కడికే పోయి, తేదీయు వేళయు వేసి, చూచినదానిని తెలుగున వ్రాయుడు. ఆ మొదటి సంవత్సరము ఉపమానము వాడకుడు. వలె, పోలె, అట్లు అను మాటలను దగ్గరకు రానీయకుడు. కన్ను చూచినది మరియొకదానికి సాటి చెప్పక నిలువలేకపోయినచో ఇంకను సరిగా చూడలేదని అర్థము; మరల పోయి చూడుడు. రెండవ సంవత్సరమున మీకు ఉపమానము కావలసివచ్చినచో, ఆ చెరువే దానిని ఇచ్చును.